ఎడమ చక్రానికి తోలు బూటు

1965 జనవరి 6, బుధవారం

ఈ వేళ జి. కొండూరు దారిలో మళ్ళీ ఉలవలు తొక్కి వచ్చాను. రోడ్డు నిండా ఎండిన ఉలవ తీగలు పరిచి, ఆడవాళ్ళు చేటలు పట్టుకుని గట్టున కూర్చున్నారు. బస్సు గాని లారీ గాని మీదినుంచి పోతే గింజ రాలుతుంది, కర్రలతో కొట్టే చాకిరీ తప్పుతుంది. బస్సుకి ఎవరూ లేవరు. నా కారు కనిపిస్తే మాత్రం అందరూ లేచి వచ్చి అడ్డం నిలబడతారు.

"బస్సోడు ఒక్క తొక్కు తొక్కి దుమ్ము కొట్టి పోతాడండీ. మీరైతే మా మాట ఇంటారు. ఇంకాస్త అటూ ఇటూ తిప్పండి నర్సమ్మగారూ" అంది వెంకటలక్ష్మి. ఆవిడ ఆ కూలి జట్టుకి పెద్ద. కోడలు నాగమణి కడుపుతో ఉంది, నా దగ్గరే చూపించుకుంటోంది.

తిప్పాను. వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువే తిప్పాను. వెనక్కి తీసుకునేటప్పుడు తల బయటపెట్టి చూడకుండా అద్దంలో చూసి తీశాను, అది చూసి ముక్కున వేలేసుకున్నారు. గొప్ప కోసం రాయడం లేదు. నూజివీడు చుట్టుపక్కల కారు నడిపే ఆడమనిషి ఇంకెవరైనా ఉంటే చూపించమనండి. సిస్టర్ బెర్నడెట్ ఇంగ్లండు వెళ్ళిపోతూ డిస్పెన్సరీ కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది, ఇంకెవరి చేతిలోనూ పెట్టలేదు.

జనవరి 9

కొత్త ఫాదర్ చిన్నరాయప్పగారు క్రిస్మస్‌కి ముందు వచ్చారు. ఇన్నాళ్ళూ కారు జోలికి రాలేదు. ఈ రోజు వచ్చారు.

"ఓడలో వచ్చిన కారమ్మా ఇది. చెడితే సామాను ఎక్కణ్ణించి తెస్తాం? ఈస్టర్ కాగానే బెజవాడలో ఎవరికైనా ఇచ్చేసి, ఒక ఒంటెద్దు బండి పెట్టుకుందాం" అన్నారు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి దారిలో ఆగలేదు ఫాదర్. కాన్పు కష్టమైన వాళ్ళని ఒంటెద్దు బండిలో బెజవాడ తీసుకెళ్ళమంటారా?"

నేను కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు. గడ్డం నిమురుకుంటూ ఆలోచించి ఒక మాట చెప్పారు. ఈస్టర్ తరవాత మంగళవారం ఆయనకి చింతలపూడిలో పని ఉంది. ఆయన్ని తీసుకెళ్ళి తీసుకురావాలి. చెడకుండా వెళ్ళొస్తే కారు ఉంటుంది, నేనే నడుపుతాను. దారిలో చెడిందా, అమ్మేసినట్టే.

చింతలపూడి నాకొక లెక్కా.

జనవరి 20

కుడివైపు తిప్పినప్పుడు ఎడమ చక్రం దగ్గర టకటకమంటోంది. రాయి ఏదో ఇరుక్కుని ఉంటుంది.

జనవరి 21

రాయి కాదు.

మెకానిక్ ఆంజనేయులు షెడ్డుకి తీసుకెళ్ళాను. ఈ కారు అందరి కార్లలాంటిది కాదు, దీనికి ముందు చక్రాలే ఇంజను బలంతో తిరిగి బండిని లాగుతాయి. లాగుతూనే పక్కకి కూడా తిరగాలి గనక ఒక్కో చక్రం వెనక ఇనప బంతుల కీలు ఉంటుంది. ఆ కీలు మీద మడతలు మడతలుగా రబ్బరు తొడుగు, దాని నిండా గ్రీజు. కారుతో వచ్చిన పుస్తకంలో దాన్ని బూటు అని రాశారు. ఇదంతా నేనే ఆంజనేయులికి చదివి చెప్పాను.

అతను కిందికి దూరి చూసి, చేతిలో ఏదో పట్టుకుని బయటికి వచ్చాడు. తాడులా బిగిసిన ఉలవ తీగ.

"ఇరుసుకి చుట్టుకుని బూటుని కోసేసిందండీ. గ్రీజంతా చక్రం లోపలికి చిమ్మేసింది. ఇదిక్కడికి ఎట్టా వచ్చిందండీ?"

గాలికి వచ్చి ఉంటుందన్నాను. జనవరిలో గాలి ఎక్కువే కదా. అతను ఆ తీగని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, సరేనండీ అన్నాడు.

బంతులు ఇంకా బాగానే ఉన్నాయట. చిరిగిన చోటునుంచి ఇసక పడితే మాత్రం నాలుగు రోజుల్లో అరిగిపోతాయి, ఆ తరవాత కారు కదలదు. ఇలాంటి బూటు బెజవాడలో దొరకదు, మద్రాసు రాయాలి. అప్పటిదాకా సైకిల్ ట్యూబు కోసి చుట్టి కట్టాడు. ఫాదర్‌కి చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదు.

జనవరి 27, బుధవారం

ట్యూబు చిరిగింది. మళ్ళీ కట్టించాను. ఉలవలు తొక్కలేదు అని రాద్దామనుకున్నాను గానీ నా డైరీకి నేనే అబద్ధం చెప్పుకోవడం ఎందుకు. కొంచెమే తొక్కాను. అంతమంది నవ్వుతూ నిలబడితే ఎలా కాదంటాం.

ఫిబ్రవరి 1

మద్రాసు నుంచి జవాబు వచ్చింది. లేవట. ఎప్పుడొస్తాయో చెప్పలేరట.

ఫిబ్రవరి 2

ఒక మామిడి తోటలో కాపలా ముసలమ్మకి ఇంజెక్షన్ ఇవ్వడానికి వెళ్ళాను. పూత విరగబూసింది. బావికి ఆయిల్ ఇంజను పెట్టారు. ఎద్దులతో నీళ్ళు తోడిన పాత మోట ఇప్పుడు షెడ్డు వెనక కొయ్యకి వేలాడుతోంది. బాన తుప్పుపట్టింది గానీ దాని కింది తోలు తొండం మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్నేళ్ళు నీళ్ళలో నాని, ఎండలో ఎండి, రోజుకెన్నిసార్లు వంగి సాగి ఉంటుందో. చేత్తో నలిపి చూశాను. కుట్టు ఒక్కచోట కూడా వదల్లేదు.

ఇలాంటివి కుట్టేవాళ్ళు నాకు తెలుసు.

ఫిబ్రవరి 3

పరదేశి బాబాయి దగ్గరికి వెళ్ళాను. తోలు పని కోసం వెళ్ళాను, చుట్టపుచూపుకి కాదు. కారు బజారులో వదిలి నడిచి వెళ్ళాను. సందు ఇరుకు.

మా నాన్న పోయాక నన్ను మిషన్ బోర్డింగులో వేసింది బాబాయే. గుంటూరులో నర్సు ట్రైనింగు, తెల్ల చీర, ఇస్త్రీ, ఇంగ్లీషు పుస్తకాలు అన్నీ దాని తరవాతే. మోటలు కుట్టే పని ఎక్కువని ఆయన నూజివీడు తోటల్లోకి వచ్చి స్థిరపడ్డాడు, తరవాత నన్నూ ఇక్కడికే వేశారు. ఇక్కడ నాకొక బాబాయి ఉన్నాడని ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

"ఏమే మగ్దలేనా, దారి తప్పావా?" అన్నాడు. కూర్చోమని చాప వేశాడు. చెప్పింది విన్నాడు, చిరిగిన రబ్బరు బూటు తిప్పి తిప్పి చూశాడు. ఆయనకి నవ్వొచ్చింది.

"కారుకి మోట తొండం కావాలా. కుట్టొచ్చే. నాకు చూపు ఆనదు, నేను కోసి ఇస్తా, నువ్వు కుట్టాలి."

"నాకేం వచ్చు బాబాయ్."

"మీ నాయన పక్కన కూచుని కుట్టినదానివి, రాకేం."

ఆరె చేతికిచ్చాడు. దాంతో తోలుకి చిల్లి పొడిచి, మైనం పట్టించిన దారం రెండు కొనలూ అటొకటి ఇటొకటి దూర్చి లాగాలి. వేళ్ళకి గుర్తుంది. ఎలా గుర్తుందో తెలియదు. ఆయన పక్కన కూర్చుని కుట్టు మీద బొటనవేలు పెట్టి తడుముతూ, దూరమైన చోటల్లా విప్పించాడు.

ఫిబ్రవరి 5

మొదటి బూటు పాడైంది. షెడ్డులో తొడిగి, చక్రం పూర్తిగా తిప్పగానే కుట్టు ఫట్‌మని వదిలింది. తోలు మంచిది కాదన్నాను. చక్రం తిన్నగా ఉన్నప్పుడు కొలత తీసి ఇచ్చింది నేనే, అది వేరే సంగతి.

బాబాయి కర్ర పొడుచుకుంటూ షెడ్డుకే వచ్చాడు. "తొండం కొలత బావిలో దిగినప్పుడు తీస్తారా, గట్టు మీద పడుకోబెట్టి తీస్తారా?" అన్నాడు. ఆంజనేయులు పకపకా నవ్వాడు. చక్రాన్ని ఒక కొసకి తిప్పి కొలిచాం, ఇంకో కొసకి తిప్పి కొలిచాం. చాలా తేడా ఉంది.

ఫిబ్రవరి 13, శనివారం

అయిపోయింది. రెండోది సరిగ్గా కుదిరింది. తోలుని ఆముదంలో నానబెట్టి మెత్తచేసి, కీలుకి చుట్టూ చుట్టి అక్కడే కుట్టు మూసి, లోపల గ్రీజు నింపి, రెండు చివరలా ఇత్తడి తీగతో బిగించాం. రబ్బరు బూటు వేయాలంటే చక్రమంతా ఊడదీయాలి, ఇది ఊడదీయక్కర్లేదు. ఇంగ్లండులో వాళ్ళకి ఈ ఉపాయం తట్టలేదు.

తిరిగి డిస్పెన్సరీకి వచ్చాక బాబాయి మరోసారి తడిమి చూస్తానంటే సరేనన్నాను. ఆయన కారు కింద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. అప్పుడే ఫాదర్ గుడి నుంచి వచ్చారు. వంగి చూశారు.

"తోలా? భలే ఉందే. ఎవరు కుట్టారమ్మా?"

"ఊరి చివర ఒకాయన ఉన్నాడు ఫాదర్. మోటలు కుట్టేవాడు."

"ఈయనేనా?"

"అవును ఫాదర్."

అబద్ధం ఏమీ చెప్పలేదు. ఆయన ఊరి చివరే ఉంటాడు, మోటలే కుట్టేవాడు.

బాబాయి ఫాదర్‌కి దణ్ణం పెట్టి, ఆరె సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమందామనుకున్నాను.

ఫిబ్రవరి 17

బూటు బ్రహ్మాండంగా ఉంది.

ఫిబ్రవరి 24

బూటు బాగుంది. బాబాయి రాలేదు. రావాల్సిన పని ఏముంది.

మార్చి 3, విభూది బుధవారం

నుదుటి మీద విభూదితోనే కొండూరు వైపు వెళ్ళాను. ఉలవలు అయిపోయాయి. రోడ్డు ఖాళీ. నాకెందుకో ముల్లు తీసినంత హాయి అనిపించింది, ఎందుకో మరి. కారు మెత్తగా పోయింది. బాబాయి రాలేదు.

మార్చి 24, బుధవారం

ఇప్పుడే వచ్చి కూర్చున్నాను.

పొద్దున నాగమణికి నొప్పులని కబురొస్తే వెళ్ళాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నా వల్ల అయ్యే కాన్పు కాదు. వెనక సీటులో పడుకోబెట్టి, వెంకటలక్ష్మి ఒళ్ళో తల పెట్టించి బెజవాడకి బయలుదేరాను. ఊరు దాటగానే రోడ్డు ఈ అంచునుంచి ఆ అంచుదాకా మినప కట్టె పరిచి ఉంది. వెంకటలక్ష్మి జట్టువాళ్ళే. నా కారుని చూడగానే ఎప్పటిలాగే లేచి నవ్వుతూ వచ్చారు.

రోడ్డుకి రెండు పక్కలా కాలవ. దిగే వీలు లేదు. ఆపాను.

"ఆపావేంటమ్మా, తొక్కించుకు పో" అంది వెనకనుంచి వెంకటలక్ష్మి.

"తొక్కను. ఇది చుట్టుకుంటే చక్రం దగ్గర చిరుగుతుంది. చిరిగితే బెజవాడ చేరం."

"మరి ఇన్నాళ్ళూ తొక్కావుగా."

"తొక్కాను. అందుకే చిరిగింది. నా గొప్ప కోసం తొక్కాను. మీరంతా చూస్తున్నారని తొక్కాను."

అంత గట్టిగా అరిచినట్టున్నాను, దూరంగా ఉన్నవాళ్ళు కూడా నిలబడిపోయారు. అందరూ వంగి, చేతులతో, కాళ్ళతో, చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ కట్టెనంతా పక్కకి లాగేశారు. కారు పట్టేంత దారి చేశారు. నేను ఆ దారిలో పోయాను.

మగపిల్లవాడు. ఇద్దరూ బాగున్నారు. డాక్టరమ్మ "ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేసేదాన్ని" అంది. ఎవరు తీసుకొచ్చారు అని అడిగింది. "నేనే నడుపుకుంటూ వచ్చాను" అన్నాను. ఆవిడ నా చేతులు చూసింది. పొద్దున చక్రం తడిమి చూసిన గ్రీజు ఉంది. తుడుచుకోలేదు.

మార్చి 26

ఎడమవైపు తోలు బూటు నిక్షేపంగా ఉంది. కుడివైపు రబ్బరుది పగిలింది. జనవరిలోనే ఆ తీగలు దాన్నీ గీసి ఉంటాయండీ అన్నాడు ఆంజనేయులు. ఈసారి గాలి సంగతి ఎత్తలేదు నేను.

మార్చి 29

బాబాయి దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడ్డాడు. చాప వేయలేదు.

"నాకు చూపు ఆనదండీ నర్సమ్మగారూ. ఊళ్ళో ఇంకెవరైనా కుడతారేమో కనుక్కోండి" అన్నాడు.

నా చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి నన్ను అండీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సందు మలుపు తిరిగేదాకా ఆపుకున్నాను.

ఏప్రిల్ 7

కుడి చక్రానికి మళ్ళీ సైకిల్ ట్యూబు. చింతలపూడి దాకా నిలవదని ఆంజనేయులు ముందే చెప్పాడు.

ఏప్రిల్ 12

తోలు కొన్నాను. కొలత తీసుకున్నాను. రెండు కొసలకీ తిప్పి.

ఏప్రిల్ 16, శుభ శుక్రవారం

గుడిలో యేసు పడ్డ పాట్లు చదివారు. శిష్యుడు పేతురు చలిమంట దగ్గర నిలబడి, ఆ మనిషిని నేనెరగను అన్న చోట తల ఎత్తలేకపోయాను. పేతురు ఎరగనన్నాడు, నేను ఊరి చివర ఒకాయనగా ఎరుగుదునన్నాను. ఎంత తెలివిగా ఎరిగానో.

ఏప్రిల్ 19, ఈస్టర్ సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున డ్యూటీ చీర కట్టుకుని కారు తీశాను. బజారులో ఆపలేదు. సందులోకే పోనిచ్చాను. పడుతుంది, ఇరుకేమీ కాదు. బాబాయి గుమ్మం ముందు ఆపి, చక్రం పూర్తిగా తిప్పి, తోలూ దారం మైనం తీసి కింద కూర్చున్నాను. ఆరె లేదు. పక్కింటావిడని అడిగితే తెచ్చిచ్చింది. బాబాయి లోపల ఉన్నాడు, దగ్గు వినపడుతోంది. బయటికి రాలేదు.

కుట్టడం మొదలుపెట్టాను. జనం పోగయ్యారు. నర్సమ్మగారు తోలు కుడుతున్నారని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చీర అంతా మట్టి, ఆముదం. ఎండ నెత్తిమీదికి వస్తోంది. వెనక నుంచి ఎవరో తప్పుకోండి తప్పుకోండి అన్నారు. ఫాదర్. పండగ తరవాత ఇళ్ళు దీవించడానికి తీర్థం పట్టుకుని వస్తున్నారు.

"మగ్దలేనమ్మా, ఇక్కడేంటమ్మా? ఇదెవరి ఇల్లు?"

లేచి నిలబడ్డాను. వాళ్ళందరికీ వినపడేలా చెప్పాను.

"మా బాబాయి ఇల్లు ఫాదర్. మా నాన్న తమ్ముడు. ఆ రోజు కారు కింద బూటు చూస్తున్నాడే, ఆయన. ఇద్దరూ మోటలు కుట్టేవాళ్ళు. ఈ తోటల్లో సగం బావులకి తొండాలు వీళ్ళ చేతివే. ఎడమ చక్రానిది ఆయన కోసిస్తే నేను కుట్టాను. కుడిది కూడా నేనే కుడుతున్నాను."

చెప్తుంటే నా గుండెలో ఉన్నది సిగ్గు కాదు. అద్దంలో చూసి కారు వెనక్కి తీసినప్పుడు కూడా నాకు అంత గొప్పగా అనిపించలేదు.

ఫాదర్ వంగి కుట్టు చూశారు. తరవాత "రేపు పొద్దున్నే బయలుదేరాలి, గుర్తుందిగా" అని, గుమ్మం మీద తీర్థం చల్లి పక్కింటికి వెళ్ళారు.

నేను మళ్ళీ కూర్చున్నాను. కుడుతూనే ఉన్నాను. చాలాసేపటికి నా భుజం మీదినుంచి ఒక చెయ్యి వచ్చింది. బొటనవేలు కుట్టు వెంబడి మెల్లగా జరిగి ఒకచోట ఆగింది.

"ఇక్కడ దూరమైంది. విప్పవే" అన్నాడు బాబాయి.

విప్పాను.

ఏప్రిల్ 20, మంగళవారం

చింతలపూడి వెళ్ళి వచ్చాం. చెడలేదు.

బాబాయి కూడా వచ్చాడు. కొత్త తొండం కట్టిన మొదటి రోజు కుట్టినవాడు బావి దగ్గర ఉండి తీరాలట, అది వాళ్ళ పద్ధతి. ఫాదర్ ముందు సీటులో, బాబాయి వెనక ఆరె సంచితో. బజారు మధ్యనుంచే వెళ్ళాను, హారను కొట్టుకుంటూ. అవసరం లేకపోయినా కొట్టాను.

తిరిగొచ్చేటప్పుడు ఒక ఊరి దగ్గర రోడ్డు నిండా పెసర కట్టె పరిచారు. ఆపాను. ఫాదర్ గడియారం చూసుకుని, "తొక్కండమ్మా, పాపం వాళ్ళకీ పనవుతుంది" అన్నారు.

"నా బూట్ల మీదికి ఒక్క తీగ రానివ్వను ఫాదర్. దిగి లాగాలి."

"ఎవరు?"

నేను స్టీరింగు మీదినుంచి చేతులు తీయలేదు. మొదట వెనక తలుపు తెరుచుకుంది, తరవాత ముందు తలుపు. ఫాదర్ తెల్ల అంగీ పైకి దోపుకున్నారు. బాబాయి "అట్టా కాదండీ, ఈ చివర పట్టుకోండి" అని చూపించాడు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని, ఒకరు లాగుతుంటే ఒకరు తోస్తూ, ఆ కట్టెనంతా పక్కకి చేర్చారు. నేను ఇంజను ఆపకుండా కూర్చుని చూశాను. దారి అయ్యాక ఇద్దరూ పక్కకి తప్పుకుని నిలబడి, రమ్మని నాకు చెయ్యి ఊపారు.